సీసా నెంబరు ఏడు

మూసీ ఒడ్డున మా కోర్టు.
రికార్డు రూము తాళంచెవి ముప్పై ఏండ్లుగ నా మొలతాడుకే.
కట్టలు కట్టుడు, చెదలు దులుపుడు,
పిలిస్తే పైకి మోసుకపోవుడు.
చదువుడు నా డ్యూటీ కాదు.

గానీ ఈ సీసా నాకెరుక.
మెడకు దారం, మూతికి లక్క,
చీటీ మీద రెండు సంతకాలు, ఒక వేలిముద్ర.
వేలు కుర్మ మల్కయ్యది.
నీళ్లు కాటేదాన్ అవతల ఆయన బోరువి.
వచ్చిన నాడు గొంతుదాకా ఉండె,
బెల్లం పానకం రంగుల.
తాగబుద్ధయితున్నది గదనే, అని నవ్విన.
"నా గొర్లకు గూడ గట్లనే అనిపిచ్చింది సారూ" అన్నడు.
ఆ దినం నుంచి ఆయన ముందట నవ్వలే నేను.

పందొమ్మిది ఏండ్లు.
ఫ్యాక్టరీ మూడు పేర్లు మార్చింది.
మా ఫైలు మీద మాత్రం మొదటి పేరే,
సిరా ఎలిసిపోయి.
ఒక ఎండకాలమంత పొగ ముచ్చట నడిచింది:
గాలిని పట్టే సార్లు పొద్దుగాల పదకొండింటికి పోయిన్రట,
పొగగొట్టం నడిజాము దాటినంకనే నిద్ర లేస్తదట.
ఆ ఒక్క గడియారం మీద నాలుగు వాయిదాలు.
వాదన నడుమల ఓ నల్లకోటు లేచి
మూసీ దిక్కు కిటికీ మూయమన్నడు,
వాసనట.
మూసిన.
జర సేపటికి ఉక్కపోసి ఆయనే తెరువుమన్నడు.

ఆఖరికి జాగ కొన్నోళ్ల వకీలు వచ్చిండు.
"అప్పు చేసినోడు సచ్చిండు,
ఇల్లు కొన్నోడు ఎందుకు కట్టాలె?"
ఇటుదిక్కు రజియా మేడం, గొంతు పెంచకుంటనే,
"ఇంట్ల పీనుగ ఉన్నది,
ముక్కు పెట్టుకోనే కొన్నరు గదా?"

గా దినమే సీసా తెమ్మన్నరు.
రెండు చేతుల పట్టుకొని మెట్లెక్కిన. బరువే లేదు.
లక్క పగల్లే, దారం తెగలే,
నీళ్లు మాత్రం లేవు.
ఎన్నడు పోయినయో, ఏ సందు దొరికిందో,
అడుగున గాజు వెడల్పుల పచ్చటి గార.
"ఇదేనా సాక్ష్యం?" వకీలు నవ్విండు, హాలంత నవ్వింది.
జడ్జి మేడం సీసాను ట్యూబులైటు కింద
తిప్పి తిప్పి చూసింది.
"నీళ్లు పోయినయి.
నీళ్లల్లది పోలే."
స్టెనో వేళ్లు ఆగినయి.
రాసుకో, అన్నది.

తీర్పు రెండొందల పన్నెండు పేజీలు.
ఎవలి చేతుల జాగ ఉంటే వాళ్లే ముందు కడగాలె,
పైసల కోసం తర్వాత ఒకర్నొకరు దేవులాడుకోవాలె.
అప్పటికి మల్కయ్య లేడు.
నకలు కొరకు కొడుకు వచ్చిండు, సిద్ధిరాములు, లారీ డ్రైవరు.
పేజీకింత అని లెక్కగట్టి
చివరి నాలుగు పేజీలే తీసుకున్నడు.
వరండాల కూసోని చదివి అడిగిండు:
"మట్టి తవ్వాలన్నరు, మంచిగనే ఉన్నది.
తవ్వి ఏడ పోస్తరు కాకా?
నా లారీలనే ఎత్తుతరేమో."
ఆ జవాబు నా ర్యాకులల్ల లేదు.

అప్పీలు గడువు దాటింది.
రూలు ప్రకారం వస్తువులు ధ్వంసం చెయ్యాలె.
సీసా పట్టుకొని ఎనుక గోడ కాడికి పోయిన.
అవతల మూసీ, నురుగు కట్టి.
చెయ్యి లేపిన.
ఎవలు చూస్తరు, అందరు పారేసేది ఇండ్లనే,
ఇదెంత, గోరంత గార,
గిన్ని నీళ్లల్ల ఏం తెలుస్తది.
గీ మాటలు ఇదివరకు ఏడ్నో ఎరుకైనయే,
మూడు పేర్ల ఫ్యాక్టరీ జవాబుల, ఆరో పేజీల.
చదువుడు నా డ్యూటీ కాదన్న గదా.
చదివిన.
చెయ్యి దించిన.

వచ్చే నెల రిటైరు. చార్జి లిస్టు రాస్తున్న.
కొత్త పిలగాడు పక్కన నిలబడి
ఒక్కొక్కటి చూసి చెప్తుండు:
ఖాళీ సీసా, ఒకటి.
రాసిన.
మళ్లా ఖాళీ అన్న మాట కొట్టేసి
పక్కన పొట్టి సంతకం పెట్టిన.